నక్షత్రయానమునకు సద్దిమూట: డాక్టరు హోమీ భాభా

దూరదేశమునకు బండి కట్టువాడు మొదట చూచుకొనవలసినది ఎడ్ల మేత. మజిలీ మజిలీకి గడ్డి దొరకు త్రోవయైనచో చింత లేదు. త్రోవలో గడ్డిపరకయు దొరకదని తెలిసినపుడు మేతనంతయు బండిమీదనే వేసికొని పోవలెను. త్రోవ పెరిగినకొలది మేత పెరుగును. మేత పెరిగినకొలది దానిని లాగుటకు ఎడ్లు పెరుగవలెను. ఆ యెడ్లకు మరల మేత కావలెను. ఒక మేరకు మించినచో బండియంతయు గడ్డియే యగును గాని బాటసారి కూర్చుండుటకు చోటు మిగులదు. ఆకాశనౌకల గణితమంతయు ఈ బండి కథయే. 1903లో రష్యాదేశపు బడిపంతులు సియోల్‌కోవ్‌స్కీ దీనిని సూత్రరూపమున ప్రకటించెను.

ఇక త్రోవ యెంతయో చూతము. సూర్యునకు మిక్కిలి సమీపమున నున్న నక్షత్రము ప్రాక్సిమా. దాని దూరము 4.24 కాంతిసంవత్సరములు, అనగా సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. 1977లో అమెరికావారు పంపిన వాయేజర్ 1 నౌక 2012లో నక్షత్రముల నడిమి ప్రదేశమున ప్రవేశించెను. సెకనుకు 17 కిలోమీటర్లు పోవు ఆ నౌకకు అంత దూరము గడచుటకు దాదాపు 75,000 సంవత్సరములు పట్టును. ఒక మనుష్యుని ఆయుర్దాయములో అట్టి యాత్ర ముగియవలెనన్నచో కాంతివేగమున పదవవంతు వేగమైనను కావలెను. ఒక్క కిలో బరువునకు అంత వేగము కలిగించుటకు 12.5 కోట్ల యూనిట్ల విద్యుత్తుతో సమానమగు శక్తి వ్యయమగును. కట్టెలు, బొగ్గు, చమురు, ద్రవోదజని మొదలగు మండు పదార్థములలో నేదియు ఈ పనికి చాలదు. వానిలో మేలైన ద్రవోదజని సైతము నౌకనుండి సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగముతో మాత్రమే వెలువడును. పరమాణుగర్భమున నున్న శక్తి యొక్కటియే ఈ త్రోవకు తగిన సద్దిమూట.

ఆ సద్దిమూటలోని ముఖ్యద్రవ్యము మన తెలుగునాటనే, ఖమ్మము సీమయు భద్రాచలపు మన్యమును గోదావరి యొడ్డున కలిసికొను చోట, తయారగుచున్నదని మన పాఠకులలో ఎందరెరుగుదురు? మణుగూరు చెంత అశ్వాపురమున 1991లో పని ప్రారంభించిన భారజల కర్మాగారమును గురించి మేము చెప్పుచున్నాము. భద్రాద్రి యాత్రికులలో పెక్కురు దాని పేరు వినియుందురు; దాని ప్రయోజనమును విచారించినవారు తక్కువ. దానికి మూలపురుషుడని చెప్పదగినవాడు డాక్టరు హోమీ జహంగీర్ భాభా. ఆయన నక్షత్రనౌకను నిర్మింపలేదు, నిర్మింతునని చెప్పనులేదు. అయినను అట్టి నౌకకు కావలసిన శాస్త్రములో మూడు ముఖ్యాంశములు ఆయన జీవితముతో పెనవేసికొని యున్నవి. ఆ దృష్టితో ఆయన చరిత్రమును స్మరించుట మా యుద్దేశము.

భాభా 1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో సంపన్నమైన పారసీక కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాది. మేనత్త సర్ దోరాబ్జీ టాటా యిల్లాలు. ఇంట గ్రంథములకు, చిత్రపటములకు, పాశ్చాత్య సంగీతమునకు కొదువ లేదు. బాలుడు చిత్రలేఖనమును ప్రీతితో నేర్చెను. ఆ ప్రీతి కడవరకు ఆయనను వీడలేదు. పెద్దల కోరిక వేరు. యంత్రశాస్త్రము చదివి టాటావారి యుక్కు కర్మాగారమున కుదురుకొనవలెనని వారు తలచిరి. 1927లో కేంబ్రిడ్జికి పంపినదియు అందుకొరకే. అచ్చట ఒక సంవత్సరము గడవకముందే కుమారుని మనస్సు భౌతికశాస్త్రమున లగ్నమయ్యెను. తనకు తగిన విద్య ఇదియేయని తండ్రికి నిస్సంకోచముగా వ్రాసెను. తండ్రి కోపింపలేదు, వెంటనే ఒప్పుకొననులేదు. యంత్రశాస్త్రమున ప్రథమశ్రేణి సంపాదించినచో గణితము చదువుటకు ధనమిత్తునని నియమము పెట్టెను. కుమారుడు 1930లో ఆ నియమమును చెల్లించి, 1932లో గణితమునను ప్రథమశ్రేణి పొందెను. తండ్రిమాటను నెరవేర్చి తన కోరికను సాధించుకొనిన ఈ పద్ధతి ఆయన తరువాతి కార్యములందును కానవచ్చును.

అవి భౌతికశాస్త్రమునకు మహోజ్జ్వలమైన దినములు. ఎలక్ట్రానుతో సమానమైన బరువును, దానికి విరుద్ధమైన విద్యుత్తును గల పాజిట్రానను కణము 1932లో బయటపడెను. ఇది ప్రతిపదార్థము. ఈ రెండును కలిసినపుడు రెండును నశించి కేవల శక్తిగా మారును. ఇట్టి కణములు ఎదురుపడినపుడు ఎట్లు చెదరునో, నశించి మరల పుట్టుట ఆ చెదరుటయందు ఎంతపాలు గలదో భాభా లెక్కగట్టి 1936లో ప్రకటించెను. నేటికిని శాస్త్రజ్ఞులు ఆ ప్రక్రియను ఆయన పేరుతోనే పిలుతురు. పదార్థమును ప్రతిపదార్థమును చెరి అరగ్రాము కలిసినచో రెండున్నర కోట్ల యూనిట్ల శక్తి వెలువడును. ఒక కిలో యురేనియము పూర్తిగా భేదింపబడినను అంతకు కొంచెము తక్కువయే లభించును. నక్షత్రయానమును గురించి యోచించువారు ప్రతిపదార్థమును ఇంధనములన్నిటిలో శిఖరమని చెప్పుటకు కారణమిదియే. అయితే లోకములోని ప్రయోగశాలలన్నియు ఇంతవరకు సృష్టించినది ఒక మిల్లీగ్రామైనను కాలేదు. ఇది మొదటి యంశము.

రెండవది కాలమును గూర్చినది. ఆకాశమునుండి భూమిపై నిరంతరము కురియు విశ్వకిరణములు భాభాకు ప్రియమైన విషయము. ఒక్క కణము గాలిలో ప్రవేశించి పెక్కు కణముల జల్లుగా ఎట్లు మారునో 1937లో హైట్లర్ అను జర్మను పండితునితో కూడి ఆయన నిరూపించెను. ఈ కిరణములయందు అల్పాయువులగు కణములుండునని, అవి మహావేగముతో పోవునపుడు మన గడియారము ప్రకారము వాని యాయువు పెరిగినట్లు కనబడవలెనని, ఐన్‌స్టీను 1905లో చెప్పిన కాలసిద్ధాంతమునకు ఇది ప్రత్యక్షనిదర్శన మగునని 1938లో ఆయన సూచించెను. తరువాతి ప్రయోగములు దానిని స్థిరపరచినవి. నేడు మ్యూయానని పిలువబడు కణము సెకనులో పది లక్షవ వంతులు రెండింటికి కొంచెము మించి జీవించును. ఆ కాలములో కాంతివేగమున పోయినను 700 మీటర్లు దాటరాదు. అట్లయ్యు పది పదునైదు కిలోమీటర్ల యెత్తున పుట్టిన మ్యూయానులు మన పొలములవరకు దిగివచ్చుచున్నవి. వేగముగా పోవు బాటసారికి కాలము మందగించునని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. కాంతికి సమీపమైన వేగముతో పోవు నౌకలోనివారికి ఈ ధర్మము వరమగును. కాంతివేగమున ఎనిమిదవవంతు పోవు నౌకలో ఏబదియేండ్లకు లభించు లాభము నాలుగైదు మాసములు మాత్రమే.

1939లో సెలవులు గడుపుటకు భాభా స్వదేశము వచ్చియుండగా యూరపులో యుద్ధము చెలరేగెను. తిరిగిపోవుటకు వీలులేక బెంగుళూరు విజ్ఞానసంస్థలో సర్ సి. వి. రామన్ విభాగమున అధ్యాపకుడుగా చేరెను. 1941లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. కేంబ్రిడ్జిలో పీఠములు ఆయనకు దుర్లభములు కావు. కాని ఆ యుద్ధకాలమున ఆయన మనస్సు మారెను. సమర్థులైనవారు స్వదేశమున నిలిచి, పరదేశములందున్నట్టి విద్యాపీఠములను ఇచ్చటనే నెలకొల్పుట తమ విధియని ఆయనకు తోచెను. 1944 మార్చిలో టాటా ధర్మనిధివారికి వ్రాసిన లేఖలో పరమాణుశక్తి విద్యుదుత్పత్తికి ఉపయోగపడు దినము వచ్చునప్పటికి భారతదేశము నిపుణులకొరకు పొరుగుదేశముల వంక చూడనక్కరలేకుండ చేయవలెనని ఉద్దేశించెను. హిరోషిమాపై బాంబు పడుటకు ఏడాదికి పైగా ముందు, పరపాలనలో నున్న దేశమున ఒక ముప్పదినాలుగేండ్ల యువకుడు ఇట్లు తలచుట సామాన్యము కాదు. 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థ అవతరించెను.

స్వాతంత్ర్యానంతరము 1948 ఆగస్టులో పరమాణుశక్తి సంఘమేర్పడగా భాభా దాని కధ్యక్షుడయ్యెను. 1954లో ప్రత్యేక శాఖ యేర్పడి ఆయన కార్యదర్శిగా నియమింపబడెను. నెహ్రూ పండితుడు ఆయనకు పూర్ణస్వాతంత్ర్య మొసగెను. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర యను రియాక్టరు పని ప్రారంభించెను. 1960లో కెనడా సహాయముతో సైరస్ అను పెద్ద రియాక్టరు వెలసెను. దానికి కావలసిన భారజలము అమెరికానుండి వచ్చెను. మన దేశమున యురేనియము స్వల్పము, థోరియము పుష్కలము. కావున మొదట సహజ యురేనియమును భారజలముతో వాడుకొని, అందుండి పుట్టిన ప్లుటోనియముతో రెండవ మెట్టెక్కి, కడపట థోరియమును చేరవలెనని భాభా మూడు మెట్ల మార్గము గీచెను. మొదటి మెట్టునకు భారజలము ప్రాణము. అందుచే 1962లోనే నంగల్‌లో భారజల కర్మాగారము పనిచేయ నారంభించెను.

భారజలమనగా నేమి? నీటిలోని ఉదజని పరమాణువులలో సుమారు 6,500కు ఒకటి తక్కినవానికంటె రెట్టింపు బరువు గలది. దానిపేరు డ్యూటీరియము. అట్టి పరమాణువులతో కూడిన నీరే భారజలము. అది రియాక్టరులో న్యూట్రానుల వేగమును తగ్గించి యురేనియము భేదిల్లుటకు తోడ్పడును. దానికి వేరొక మహిమ కలదు. డ్యూటీరియము ఇతర లఘుకేంద్రకములతో సంలీనమైనపుడు సూర్యగర్భమున జరుగుదానివంటి శక్త్యుత్పాదనము జరుగును. డ్యూటీరియమును హీలియము-3తో సంలీనము చేసినచో కిలోకు లభించు శక్తి యురేనియమునకు నాలుగు రెట్లు. మేలిరకపు బొగ్గునకు కోటి రెట్లు. ఇది మూడవ యంశము.

1955 ఆగస్టులో జినీవాలో ఐక్యరాజ్యసమితి జరిపిన మొదటి పరమాణుశక్తి మహాసభకు భాభా అధ్యక్షత వహించెను. సంలీనశక్తిని మనుష్యుడు అదుపులోనికి తెచ్చుకొను మార్గము రెండు దశాబ్దములలో లభించునని ఆయన ఆ సభలో జోస్యము చెప్పెను. సభ్యలోకము ఆశ్చర్యపడెను. ఆయన గడువు 1975తో తీరెను, మార్గము పూర్తికాలేదు. 2022 డిసెంబరులో అమెరికాలోని ఒక ప్రయోగశాలలో లేసరు కాంతి గుళికకు అందించిన శక్తికంటె సంలీనము వలన వచ్చిన శక్తి యొకటిన్నర రెట్లయ్యెను. అయినను ఆ లేసరులను వెలిగించుటకు గుంజిన విద్యుత్తు అంతకు పెక్కు రెట్లు. ఇట్టి శక్తితో గృహములలో దీపము వెలుగు దినము ఇంకను రాలేదు. ఈ విషయమున భాభా జోస్యము తప్పెనని మేము స్పష్టముగా చెప్పుదుము. మహాపురుషుల పొరపాట్లను కప్పిపుచ్చుట వారికి గౌరవము కాదు. గమ్యము సరియైనది, త్రోవ నిడివి ఆయన యూహకు మించినది.

ఆకాశయానమునకును ఆయన ఆధ్వర్యవముననే మనదేశమున అంకురార్పణము జరిగెను. 1962లో పరమాణుశక్తి శాఖ క్రింద అంతరిక్ష పరిశోధన సంఘమేర్పడగా, బెంగుళూరునాటి సహచరుడు విక్రం సారాభాయి దాని యధ్యక్షుడయ్యెను. 1963 నవంబరు 21వ తేదీన తుంబానుండి మొదటి రాకెట్టు ఎగసెను. నేటి శ్రీహరికోట వైభవమునకు అది పునాది.

1966 జనవరి 24వ తేదీన వియన్నాలో జరుగు సభకు పోవుచుండగా భాభా ఎక్కిన కాంచనజంగ విమానము ఆల్ప్సు పర్వతములలో మోబ్లాన్ శిఖరమునకు తాకి కూలెను. అందలి 117గురును మరణించిరి. శాస్త్రిగారు తాష్కెంటులో కన్నుమూసి రెండువారములైనను కాలేదు. ఆ దినముననే ఇందిరాగాంధి ప్రధానమంత్రిగా ప్రమాణము చేసెను. భాభాకు ఏబదియారేండ్లు. వివాహము చేసికొనలేదు. మరుసటి సంవత్సరము ట్రాంబే సంస్థకు ఆయన పేరు పెట్టిరి.

ఆయన కార్యమునకు చీకటివైపు లేదని చెప్పజాలము. 1964లో చీనా బాంబు ప్రేల్చిన పిమ్మట అట్టిదానికి వ్యయము స్వల్పమని ఆయన రేడియోలో ఉపన్యసించెను. 1974 మేలో పోఖ్రానున జరిగిన విస్ఫోటనమునకు ప్లుటోనియము సైరసునుండియే వచ్చెను. శాంతికొరకని ఇచ్చిన వస్తువు అట్లు వినియోగపడెనని కెనడా సహాయమును మానుకొనెను. పరుల భారజలముపై ఆధారపడినచో మన రియాక్టరులు ఆరిపోవునని దేశమునకు అప్పుడు బోధపడెను. భాభా ముప్పదియేండ్లకు ముందు లేఖలో సూచించిన స్వయంపోషణము అనివార్యమయ్యెను.

ఆ యవసరము నుండియే మణుగూరు పుట్టినది. మొదట రాజస్థానములోని కోటాలో మనవారే చేసిచూచిన పద్ధతిని ఇచ్చట మరింత పెద్దగా అమర్చిరి. గోదావరి నీటిని ఎత్తైన గోపురములలో హైడ్రోజన్ సల్ఫైడు వాయువుతో కలుపుదురు. చల్లని గోపురమున డ్యూటీరియము వాయువునుండి నీటిలోనికి చేరును. వేడి గోపురమున నీటినుండి వాయువులోనికి పోవును. ఈ యిచ్చిపుచ్చుకొనుట మాటిమాటికి జరుగగా నీటిలో డ్యూటీరియము క్రమముగా చిక్కనై, కడపటి స్వేదనముతో శుద్ధ భారజలమగును. ఆ వాయువు ప్రాణాంతకమైన విషము; పనివారు క్షణమేమరినను ముప్పు. కావలసిన ఆవిరికి సింగరేణి బొగ్గు మండును. అనాదిగా కట్టెపుల్లయే యింధనమైన అడవియంచున, 1889లో ఇల్లెందు ప్రాంతమున త్రవ్వ నారంభించిన బొగ్గు ఆసరాగా, నక్షత్రములలో మండు ద్రవ్యమును నేడు నదీజలమునుండి తీయుచున్నారు. ఇంధనముల చరిత్రమంతయు ఒక్క తాలూకాలో చూడవచ్చును.

ఇక నౌక మాట. 1973 మొదలు 1978 వరకు బ్రిటిషు గ్రహాంతర సంఘమువారు డెడాలసను నక్షత్రనౌకకు సమగ్రమైన నమూనా వ్రాసిరి. దాని తూకము 54,000 టన్నులు. అందు 50,000 టన్నులు ఇంధనమే. డ్యూటీరియము, హీలియము-3 గల చిన్న గుళికలను సెకనుకు 250 చొప్పున ఎలక్ట్రాను కిరణములతో ప్రేల్చి, ఆ జ్వాలను అయస్కాంతబలముతో వెనుకకు త్రోయుదురు. కాంతివేగమున నూటికి 12 పాళ్లు పొంది, ఆరు కాంతిసంవత్సరముల దూరమున నున్న బెర్నార్డు నక్షత్రమును ఏబదియేండ్లలో చేరును. చేరి ఆగుటకు ఇంధనము మిగులదు, చూచుచు దాటిపోవలసినదే. గడ్డిబండి లెక్క అచ్చటను తప్పలేదు. అందలి డ్యూటీరియము 20,000 టన్నులు. దానికి లక్ష టన్నుల భారజలము కావలెను. మణుగూరు కర్మాగారమునకు నిర్ణయించిన శక్తి సంవత్సరమునకు 185 టన్నులు. అట్లు చూడగా ఒక్క నౌకకు 540 సంవత్సరములు పట్టును. హీలియము-3 అన్ననో భూమిపై కరవు; దానిని బృహస్పతి గ్రహపు వాయుమండలమునుండి తేవలెనని ఆ నమూనాకారులు వ్రాసిరి.

ఈ లెక్క చూచి నవ్వువారుందురు. కడుపునిండ అన్నము లేని వారున్న దేశమునకు నక్షత్రముల చింత యేలయని అడుగువారును ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. భాభా దానికి క్రియచే సమాధానమిచ్చెను. ఆయన నెలకొల్పిన సంస్థలు విద్యుత్తును, వైద్యమునకు వలయు ద్రవ్యములను, పంటలకు మేలైన విత్తనములను ఇచ్చినవి. హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు సంస్థ, పరమాణు ఇంధన కర్మాగారము ఆయన బాటలోనే వెలసినవి. దూరపు గమ్యమును పెట్టుకొనినవాడు దగ్గరి మజిలీలను నిర్లక్ష్యము చేయలేదు.

అయినను బాకీ యొకటి మిగిలియున్నది. భాభా వృక్షప్రియుడు, కట్టడములకు అడ్డువచ్చిన పెద్దచెట్లను కొట్టివేయక వేళ్లతో పెకలించి వేరొకచోట నాటించినవాడు. ఆయన పేరు చెప్పుకొను ప్రతి సంస్థయు అడవియెడల ఆ మర్యాదయే చూపవలెను. అడవికంటె అడవిలోని మనుష్యులు ముఖ్యులు. ఆ గోపురముల నీడను కోయగూడెములు కలవు. తమ గోదావరి నీటిలో దాగిన శక్తి యెట్టిదో ఆ గూడెముల బాలబాలికలు తమ బడిలోనే, తమ భాషలో, తెలిసికొనగలుగవలెను. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలముల విద్యాధికులును భూస్వాములును ఈ పనికి పూనుకొనుట కర్తవ్యము. ఊరికొక మంచి విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని, ఒక చిన్న ప్రయోగశాలను, చదువుకొనదలచిన పేద విద్యార్థికి వేతనమును ఏర్పాటుచేయుట వారి శక్తికి మించినది కాదు. ఆనాడు టాటా ధర్మనిధి ఒక యువకుని లేఖను నమ్మినది. నేడు మన సీమలోని సంపన్నులు ఒక్కొక్క బాలుని, ఒక్కొక్క బాలికను నమ్మి పెట్టుబడి పెట్టుదురు గాక.